కంప్యూటర్‌లో పదేపదే బ్లూ స్క్రీన్ వస్తోందా? ఫార్మాట్ చేయించే ముందు ఇవి చూసుకోండి

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. అనేక దేశాల్లో విమానయాన సంస్థలు, బ్యాంకులు, ఆసుపత్రుల కంప్యూటర్లు ఒక్కసారిగా నీలి తెరతో ఆగిపోయిన రోజు అది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ ఇందుకు కారణం. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లపై ప్రభావం పడిందని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది.

ఆ రోజు ఇళ్లలోని కంప్యూటర్లకు పెద్దగా ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రధానంగా సంస్థలే వాడతాయి. కానీ అదే నీలి తెర ఇంట్లో ఏ రోజైనా రావచ్చు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెడుతున్నప్పుడో, ఆదాయ పన్ను రిటర్న్ గడువు రోజునో వస్తే అది వార్త కాకపోవచ్చు. ఆ కుటుంబానికి మాత్రం నష్టం చిన్నది కాదు.

ఒకసారి వచ్చి పోతే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. రోజూ వస్తుంటే మాత్రం కారణం వెతకాల్సిందే. చాలామంది కారణం వెతక్కుండా నేరుగా 'ఫార్మాట్ కొట్టించేస్తారు'. లోపం ర్యామ్‌లోనో, డిస్క్‌లోనో ఉంటే ఫార్మాట్ తర్వాత కూడా బ్లూ స్క్రీన్ తిరిగి వస్తుంది. బ్యాకప్ తీసుకోని ఫొటోలు, ఫైళ్లు మాత్రం తిరిగి రావు.

అసలు ఈ తెర ఎందుకు వస్తుంది?

విండోస్‌లో ప్రోగ్రాములు రెండు స్థాయిల్లో నడుస్తాయి. బ్రౌజర్, వర్డ్, గేమ్స్ లాంటివి పై స్థాయిలో ఉంటాయి. వాటిలో ఒకటి చెడిపోతే అదొక్కటే మూతపడుతుంది.

కింది స్థాయిని కెర్నల్ అంటారు. మెమరీ, డిస్క్, ప్రాసెసర్‌పై నేరుగా అధికారం ఉండేది దీనికే. గ్రాఫిక్స్, వైఫై లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్లు చాలావరకు ఇక్కడే పనిచేస్తాయి. కొన్ని యాంటీవైరస్ భాగాలు కూడా ఇక్కడే ఉంటాయి. ఇక్కడ తప్పు జరిగినా అలాగే ముందుకెళితే డిస్క్‌లోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే విండోస్ తనంతట తానే అన్నీ ఆపేసి, ఎందుకు ఆగిందో తెరపై రాసి, రీస్టార్ట్ అవుతుంది.

ఇంట్లో ఎంసీబీ పడిపోవడం లాంటిదే ఇది. ఎంసీబీ పడిందంటే అది తన పని తాను చేసినట్టు. గీజరా, ఇస్త్రీ పెట్టా, లోపలి వైరా అన్నది మనం వెతకాలి.

క్రౌడ్‌స్ట్రైక్ ఘటనలో జరిగింది కూడా ఇదే. తప్పుడు ఫైలును కెర్నల్ స్థాయిలో ఉన్న డ్రైవర్ చదవబోయి కూలిపోయింది. ఆ అప్‌డేట్‌ను సంస్థ 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే కూలిన కంప్యూటర్లను చాలాచోట్ల ఒక్కొక్కటిగా బాగుచేయాల్సి వచ్చింది. అందుకు సూచించిన మార్గం ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయడం.

నీలి తెర నల్లగా ఎందుకు మారింది?

విండోస్ 11 వాడేవారికి ఇప్పుడు నీలం బదులు నల్ల తెర కనిపించవచ్చు. 24హెచ్2 వెర్షన్‌కు 2025లో వచ్చిన అప్‌డేట్‌లతో మైక్రోసాఫ్ట్ ఈ మార్పు చేసింది. విచారంగా ఉండే ముఖం గుర్తును, క్యూఆర్ కోడ్‌ను తీసేసింది. మనకు కావాల్సిన స్టాప్ కోడ్ మాత్రం తెర కింది భాగంలో ఉంటుంది. కారణమైన డ్రైవర్‌ను గుర్తించగలిగితే దాని పేరు కూడా అక్కడే వస్తుంది.

తెర రంగు మారినా పరీక్షించే పద్ధతి మారలేదు.

గడువు దగ్గర పడినప్పుడు ఏం చేయాలి?

దరఖాస్తు గడువు ఈ రోజో రేపో ఉంటే రిపేరు తర్వాత చూసుకోవచ్చు. ముందు మరో కంప్యూటర్ నుంచో, మీసేవ లేదా నెట్ సెంటర్ నుంచో పని పూర్తి చేయండి. బయటి కంప్యూటర్ వాడితే లాగౌట్ చేయడం, డౌన్‌లోడ్ చేసిన ఆధార్, మార్కుల మెమోలను తొలగించడం మరచిపోవద్దు.

ఆన్‌లైన్ ఫారం నింపేటప్పుడు మధ్యమధ్యలో సేవ్ నొక్కుతూ ఉండండి. కంప్యూటర్ కూలిపోతే సేవ్ కాని వివరాలు పోతాయి.

ఫీజు చెల్లిస్తుండగా తెర వస్తే వెంటనే రెండోసారి కట్టొద్దు. ముందు బ్యాంకు ఖాతా, ఆ తర్వాత పోర్టల్‌లో పేమెంట్ స్టేటస్ చూడండి. యూపీఐ ద్వారా గానీ, ఆన్‌లైన్‌లో కార్డుతో గానీ చెల్లించినప్పుడు డబ్బు కట్ అయ్యి అవతలికి చేరినట్టు ధ్రువీకరణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ చేయాలని 2019 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి.

మొదటి పని: డేటా కాపీ

కంప్యూటర్ కాసేపైనా నడుస్తుంటే, పరీక్షలకన్నా ముందు ముఖ్యమైన ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేయండి. డిస్క్‌పైనే అనుమానం ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆఖరి దశలో ఉన్న డిస్క్‌పై గంటల తరబడి స్కాన్ నడిపితే అది మధ్యలోనే పూర్తిగా పోవచ్చు.

రెండోది, బిట్‌లాకర్ రికవరీ కీ. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడగకపోయినా డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బయోస్ సెట్టింగ్‌లు మార్చినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి వాడుతుంటే ఆ కీ సాధారణంగా అదే అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి కీ ఉందో లేదో ఇప్పుడే చూసుకుని, కాగితం మీద రాసిపెట్టుకోండి. కీ ఎక్కడా లేకపోతే ఆ డేటాను మైక్రోసాఫ్ట్ కూడా తీసి ఇవ్వలేదు.

అకౌంట్‌ను పిల్లల పేరిటో, షాపువాళ్లు సృష్టించిన మెయిల్‌తోనో తెరిచి ఉంటే ఆ పాస్‌వర్డ్ దొరకడమే కష్టం. దాన్ని కంప్యూటర్ నడుస్తున్నప్పుడే సరిచేసుకోవాలి.

స్టాప్ కోడ్ ఏం చెబుతుంది?

తెర వచ్చిన వెంటనే ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ సమయంలో ఏం చేస్తున్నారో, అంతకుముందు కొత్తగా ఏం ఇన్‌స్టాల్ చేశారో రాసుకోండి. రెండు మూడుసార్లు వచ్చాక ఆ ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే దారి దొరుకుతుంది.

తరచుగా కనిపించే కోడ్‌లు, వాటితో మొదట అనుమానించాల్సినవి:

- మెమరీ మేనేజ్‌మెంట్: ర్యామ్. కొన్నిసార్లు డ్రైవర్ కూడా కావచ్చు.
- ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్: ఎక్కువగా డ్రైవర్. పక్కనే ఫైలు పేరు ఉంటే అదే మొదటి ఆధారం.
- వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్: గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా గ్రాఫిక్స్ కార్డు.
- డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్: హార్డ్‌వేర్. ప్రాసెసర్, వేడి, విద్యుత్ సరఫరా, ఓవర్‌క్లాకింగ్ చూడాలి.
- ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్: విండోస్ ఉన్న డిస్క్ అందడం లేదు. డిస్క్, దాని కనెక్షన్, స్టోరేజ్ డ్రైవర్ లేదా బయోస్ సెట్టింగ్.
- క్రిటికల్ ప్రాసెస్ డైడ్: విండోస్ కీలక ఫైళ్లు పాడవడం లేదా డిస్క్ లోపం.

కోడ్ తుది తీర్పు కాదు. చెడిపోయిన ర్యామ్ ఏ డ్రైవర్‌నైనా కూల్చగలదు. అందుకే ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్‌ను అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కో కోడ్ వస్తుంటే ర్యామ్, విద్యుత్ సరఫరా లాంటి హార్డ్‌వేర్ వైపు చూడాలి.

ఫొటో తీసే అవకాశం దొరక్కపోతే స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని వెతికితే రిలయబిలిటీ మానిటర్ తెరుచుకుంటుంది. ఏ తేదీన కూలింది, అదే రోజు ఏ అప్‌డేట్ పడింది అన్నది అందులో క్యాలెండర్‌లా కనిపిస్తుంది.

ఏ తెరా రాకుండా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోతే అది వేరే సమస్య. అప్పుడు ఎస్‌ఎంపీఎస్, అధిక వేడి, ఇంటి వోల్టేజీని అనుమానించాలి.

సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా? తేల్చేదెలా?

ముందుగా, ఇటీవల మారినదాన్ని వెనక్కి తీసుకోండి. కొత్త ప్రింటర్, యూఎస్‌బీ పరికరం, రెండో యాంటీవైరస్, కొత్త ర్యామ్ ఏదైనా సరే, తీసి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే, తెర ఆగినా కారణం తెలియదు.

డ్రైవర్ అప్‌డేట్ తర్వాత మొదలైతే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి 'రోల్‌బ్యాక్ డ్రైవర్' ఎంచుకోవచ్చు. సిస్టమ్ రీస్టోర్ ముందే ఆన్‌లో ఉంటే పాత తేదీకి వెళ్లవచ్చు. 'అన్ని డ్రైవర్లనూ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తాం' అనే యాప్‌ల జోలికి పోవద్దు. డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డు తయారీ సంస్థ సైట్ నుంచే తీసుకోవాలి.

తర్వాత సేఫ్ మోడ్ పరీక్ష. విండోస్ తెరుచుకుంటుంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకోండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి రీస్టార్ట్ నొక్కి, ఆ తర్వాత వచ్చే జాబితాలో 4 నొక్కాలి. విండోస్ అసలు తెరుచుకోకపోతే, వరుసగా రెండు మూడుసార్లు బూట్ అవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపితే రికవరీ తెర వస్తుంది.

సేఫ్ మోడ్‌లో అత్యవసరమైన డ్రైవర్లే నడుస్తాయి. మామూలుగా అరగంటకోసారి కూలే కంప్యూటర్ సేఫ్ మోడ్‌లో మూడు నాలుగు గంటలు నిలబడితే డ్రైవర్ లేదా సాఫ్ట్‌వేర్‌పై అనుమానం బలపడుతుంది. అక్కడా కూలితే హార్డ్‌వేర్ వైపు వెళ్లాలి.

హార్డ్‌వేర్‌లో ముందు ర్యామ్. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష విండోస్‌లోనే ఉంది. అందులో తప్పు తేలితే ర్యామ్‌ను అనుమానించాల్సిందే. తేలకపోయినంత మాత్రాన ర్యామ్ బాగున్నట్టు కాదు. మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్షను రాత్రంతా నడపడం మేలు. డెస్క్‌టాప్‌లో రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోదానితో ఒక్కో రోజు నడిపి చూడటం ఖర్చు లేని పరీక్ష. విప్పే ముందు ప్లగ్ తీసేయాలి. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్‌ను విప్పకపోవడమే మంచిది.

అసెంబుల్డ్ కంప్యూటర్ అయితే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే సెట్టింగ్ చూడండి. ర్యామ్‌ను సాధారణం కన్నా ఎక్కువ వేగంతో నడిపే ఏర్పాటు ఇది. దాన్ని ఆపగానే తెర ఆగితే కారణం దొరికినట్టే.

వేసవిలోనే ఎక్కువగా వస్తుంటే ఫ్యాన్లలో దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ కారణం కావచ్చు. కరెంటు వచ్చి పోయే ఇళ్లలో యూపీఎస్ లేకపోతే విండోస్ ఫైళ్లు పాడయ్యే అవకాశం ఎక్కువ. వాటిని సరిచేయడానికి సిస్టమ్ ఫైల్ చెకర్ విండోస్‌లోనే ఉంది.

ఫార్మాట్ చేసినా పోని తెర: ఇంటెల్ ఉదంతం

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని మోడళ్లు వాడినవారికి గేమ్స్ మధ్యలో ఆగిపోవడం, బ్లూ స్క్రీన్లు రావడం 2024 నాటికి పెద్ద ఫిర్యాదుగా మారింది. విండోస్ మళ్లీ ఎక్కించినా, గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చినా ఫలితం లేకపోయింది.

చివరకు ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందుతోందని ఇంటెల్ తేల్చింది. బయోస్ అప్‌డేట్ల ద్వారా సవరణ విడుదల చేసింది. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ సవరణ బాగుచేయలేదు. మార్చాల్సిందే. అందుకే ఆ మోడళ్లకు వారంటీని మరో 2 ఏళ్లు పెంచింది. డబ్బాలో విడిగా కొన్న ప్రాసెసర్‌కు అది మొత్తం 5 ఏళ్లు అవుతుంది.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల భాగాలు ఎంచుకుని అసెంబుల్ చేయించుకున్నవారు తమ ప్రాసెసర్ మోడల్ ఒకసారి చూసుకోవాలి. ఆ జాబితాలో ఉంటే బయోస్ అప్‌డేట్ చేయించాలి. తెరలు ఆగకపోతే వారంటీ కోరాలి. దానికి బిల్లు కావాలి. బిల్లు లేకుండా తక్కువకు కొన్నప్పుడు పోయేది ఇదే.

విండోస్ 10 వాడుతున్నవారి సంగతి?

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మద్దతు ముగిసినందువల్లే బ్లూ స్క్రీన్ రాదు. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు సవరణలు అందవు. ఇంటి వినియోగదారులు ఈఎస్‌యూ పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్‌లను బ్యాకప్ చేసుకుంటే దీనికి డబ్బు కట్టనక్కర్లేదు.

విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే చాలావరకు 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. ఈ అర్హత లేని పాత కంప్యూటర్‌లో అడ్డదారిన విండోస్ 11 వేయించుకుంటే, పాత పరికరాలకు సరైన డ్రైవర్లు దొరక్క తెరలు మొదలుకావచ్చు. ఇన్‌స్టాల్ చేసిన వారంలోపే అలా మొదలైతే అదే మొదటి అనుమానం.

షాపుకు తీసుకెళ్లినప్పుడు ఏం అడగాలి?

- స్టాప్ కోడ్ ఫొటోలు చూపించండి. 'ఫార్మాట్ చేసి చూద్దాం' అంటే, ముందు ర్యామ్, డిస్క్ పరీక్షలు చేశారా అని అడగండి.
- సమస్య ఏమిటి, ఏ భాగం మారుస్తారు, ఎంత అవుతుంది అన్నవి జాబ్‌షీట్‌లో రాయించుకోండి.
- మార్చిన పాత భాగాన్ని వెనక్కి అడగండి. ర్యామ్, డిస్క్ ఎంత సామర్థ్యంతో ఇచ్చారో ముందే ఫొటో తీసుకోండి.
- విండోస్ మళ్లీ ఎక్కిస్తే ఒరిజినలేనా అని అడగండి. విండోస్‌తోనే కొన్న ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. క్రాక్ వేయాల్సిన పనే లేదు.
- బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంటే ఇచ్చే ముందు తొలగించండి.

డబ్బు తీసుకుని పని సరిగా చేయకపోయినా, వారంటీ ఉండీ నిరాకరించినా అది వినియోగదారుల రక్షణ చట్టం-2019 పరిధిలోకి వస్తుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోగా ఫిర్యాదు చేయాలి. బిల్లు, జాబ్‌షీట్, తెరల ఫొటోలే అక్కడ సాక్ష్యాలు.

తెరపై ఫోన్ నంబర్ ఉందా? అది నకిలీ

అసలు బ్లూ స్క్రీన్‌పై ఫోన్ నంబర్ ఉండదు. మాటలు వినిపించవు. మౌస్ కదలదు. తమ హెచ్చరిక సందేశాల్లో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది.

'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబర్‌కు కాల్ చేయండి' అంటూ నీలి రంగులో తెర నిండా కనిపించేది బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక పేజీ మాత్రమే. కాల్ చేస్తే దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే యాప్ వేయించి, బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. ఇలా టెక్ సపోర్ట్ పేరుతో మోసాలు చేస్తున్న కాల్ సెంటర్లపై 2023 అక్టోబర్‌లో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2'లో భాగంగా సోదాలు జరిపింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులు ఆ కేసుల్లో ఉన్నాయి.

అలాంటి తెర వస్తే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

మరి ఫార్మాట్ ఎప్పుడు?

ర్యామ్, డిస్క్ పరీక్షల్లో తప్పు తేలనప్పుడు, సేఫ్ మోడ్‌లో కూలనప్పుడు, డ్రైవర్ వెనక్కి తీసినా, సిస్టమ్ ఫైళ్లు సరిచేసినా తెర ఆగనప్పుడు ఫార్మాట్ సరైన నిర్ణయమే. 'రీసెట్ దిస్ పీసీ'లో ఫైళ్లను ఉంచి విండోస్‌ను మాత్రమే మళ్లీ ఎక్కించే వీలుంది. అయినా బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

కొత్తగా విండోస్ వేసి, ఇంకా ఏ యాప్ ఎక్కించకముందే మళ్లీ తెర వచ్చిందంటే దాదాపుగా హార్డ్‌వేర్‌దే తప్పు. రెండోసారి ఫార్మాట్‌కు డబ్బు ఇవ్వకండి. ఏ భాగం చెడిందో పరీక్షించి చెప్పమనండి.